ఉప్పునీటి గిన్నె

థియా హాల్వర్సన్ సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని పంపు రోలరు చుట్టూ వంచి బిగించి, తన వైపు కొసకు బొటనవేలు అడ్డుపెట్టింది. రోలరు నెమ్మదిగా తిరిగింది. వేలికి మెత్తగా గాలి తగిలింది. ఇటు గాలి వదులుతోందంటే అటు కొస పీలుస్తోందన్నమాట. ఆమెకు ఆ స్పర్శ చాలు. ఇన్నేళ్ళలో ఆ వేలు ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు.

శస్త్రవైద్యుడు గుండెను ఆపి దాని మీద పనిచేసినంతసేపూ, రోగి రక్తాన్ని ఒంట్లోంచి తీసుకుని ప్రాణవాయువు కలిపి మళ్ళీ ఒంట్లోకి పంపే యంత్రం అది. దాని ముందు కూర్చునే వారిని పెర్ఫ్యూజనిస్టులంటారు. ఆసుపత్రిలో థియా ఆ విభాగానికి పెద్ద. విభాగమంటే ముగ్గురు మనుషులు. ఒకావిడ కాన్పుకి వెళ్ళింది కనుక ప్రస్తుతానికి ఇద్దరు.

డాక్టర్ కోస్టిగన్ కాఫీ కప్పుతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కప్పుతో లోపలికి రాకూడదని అతనికి తెలుసు కనుక చెయ్యి మాత్రం బయట ఉంచి, మిగతా మనిషి లోపలికి వంగాడు.

"నీకో మనిషిని పట్టాను, థియా. అవతలి ఒడ్డు నుంచి. వెండెల్ ప్రూట్."

"ప్రూటా! ఆయన్ని ఎరగని వాళ్ళు ఈ నది మీద ఉన్నారా? అక్కడ అంత మర్యాదగా చూసుకుంటుంటే మన దగ్గరికెందుకొస్తారు?"

"లైసెన్సు పోయింది."

థియా చెయ్యి రోలరు మీద ఆగింది. "ఏం చేశారు?"

"ఏమీ చెయ్యలేదు. రెండేళ్ళు ఒక్క కేసూ చెయ్యలేదు. వాళ్ళ రాష్ట్రం చట్టంలో అదే తప్పట. ఏటా ఇన్ని కేసులని ఉంది, చెయ్యకపోతే లైసెన్సు ఎగిరిపోతుంది. మన ఒడ్డున అలాంటి చట్టం లేదు కదా, ఇక్కడ చేసుకోవచ్చు." కోస్టిగన్ ఒక గుక్క తాగడానికి కప్పు వైపు వంగి, మళ్ళీ తల లోపలికి పెట్టాడు. "గురువారం దాకా లేదనుకో. ఆ రోజు నువ్వు రాజధానికెళ్ళి చట్టం తెచ్చేస్తావుగా."

"నేను తెస్తానా? సాక్ష్యం చెబుతానంతే."

"నువ్వు చెబితే కాదనే ధైర్యం ఎవరికుంది? నాకు లేదు. వాడు మధ్యాహ్నం వస్తున్నాడు. ఉంచుకోవడం, పంపెయ్యడం నీ ఇష్టం. సంతకం నీది."

అతను వెళ్ళిపోయాక థియా ఆగిన చోటు నుంచి పని మళ్ళీ మొదలుపెట్టింది. గురువారం శాసనసభ సంఘం ముందు చెప్పవలసిన మాటలు ఆమెకు కంఠస్థం. మొదటి వాక్యం అంటే ఆమెకు ప్రత్యేకంగా ఇష్టం. ఈ రాష్ట్రంలో మనిషి జుట్టు కత్తిరించడానికి లైసెన్సు కావాలి; మనిషి ఒంట్లోని రక్తాన్ని బయటికి తీసి మళ్ళీ లోపలికి పంపడానికి అక్కర్లేదు. ఆ వాక్యంలో ఆమె ఎంత వెతికినా లోపం కనబడలేదు. మిసిసిపీ నది మీద వంతెన దాటితే పక్క రాష్ట్రం, అక్కడ చట్టం ఉంది. థియా ఆ ఒడ్డు లైసెన్సు కూడా తీసుకుని ఉంచుకుంది. అవసరముండి కాదు, న్యాయంగా ఉంటుందని.

వెండెల్ ప్రూట్ ఆమె ఊహించుకున్నంత పొడుగు లేడు. అరవైకి దగ్గరపడిన మనిషి, ఇస్త్రీ చొక్కా, మణికట్టు దగ్గర గుండీ ఊడి ఉంది. క్యాంటీన్లో పళ్ళెం కంటే పెద్దదైన పంది మాంసం సాండ్‌విచ్ ముందు పెట్టుకుని, దాన్ని ఎటునుంచి మొదలుపెట్టాలో చాలాసేపు చూశాడు.

"ముందే ఒక మాట చెప్పాలి," అంది థియా. "మీరు ఏ చట్టం వల్ల పని పోగొట్టుకున్నారో, అలాంటిదే ఇక్కడ కావాలని అడగబోతున్నాను."

"తెలుసు. పేపర్లో నీ ఫోటో చూశా. జుట్టు బాగా దువ్వుకున్నావు."

"అది పాసైతే మీకు ఈ ఒడ్డు కూడా మూసుకుపోతుంది."

"అదీ తెలుసు. చదవడం వచ్చు నాకు. లైసెన్సుతో పాటు అది పట్టుకుపోలేదు వాళ్ళు."

థియాకు నవ్వొచ్చింది, ఆపుకుంది. "మరి నా దగ్గరికెందుకొచ్చారు?"

"నీ దగ్గరికి కాదమ్మా. పంపు దగ్గరికి." అతను సాండ్‌విచ్ బయటికి పొడుచుకొచ్చిన మాంసాన్ని చాకుతో గుండ్రంగా కోసి పక్కన పెట్టాడు. "నా భార్య ఓపల్‌కి కండరాల జబ్బు. మొదట చేతులు పోయాయి, తర్వాత మింగడం పోయింది. నర్సుని పెట్టుకోవచ్చు. కానీ చూడు, ఊళ్ళో వాళ్ళందరికీ ఊపిరి ఆడించిన వాణ్ణి, ఆవిడకి మాత్రం ఇంకెవరినో పెట్టనా? మానేసి ఇంట్లో కూర్చున్నా. ఈ వసంతంలో పోయింది."

వెండెల్ చాకుని పళ్ళెం అంచుకి ఆనించాడు.

"తర్వాత బోర్డుకి ఫోన్ చేశా. లైసెన్సు కావాలన్నా. పరీక్ష రాయమన్నారు. రాస్తానన్నా. రాయాలంటే ముందు ఇన్ని కేసులు చెయ్యాలన్నారు. చేస్తానన్నా. లైసెన్సు లేకుండా చెయ్యడానికి వీల్లేదన్నారు. ఫోన్లో ఆ పిల్ల మంచిదే, పాపం. 'అయ్యా, నాకూ అర్థం కావడం లేదు' అంది. మరి ఎక్కడ చెయ్యమంటావ్, నది మధ్యలో పడవ మీదా అన్నా. దానికి తీరరక్షక దళం అనుమతి కావాలేమో కనుక్కుంటానంది."

ఈసారి థియా నవ్వింది. నవ్వుతూనే తన మొదటి వాక్యం గుర్తొచ్చింది. అందులో ఇంకా లోపం కనబడలేదు. కానీ అది ఈ మనిషి ఎదుట పైకి చదవగలిగిన వాక్యం కాదని మాత్రం తెలిసింది.

మంగళవారమంతా వెండెల్ నిల్వగదిలోని పాత యంత్రం మీద, రక్తానికి బదులు నీళ్ళు పోసి సాధన చేశాడు. థియా పనుల మధ్య వచ్చి గుమ్మంలోంచి చూసింది. అతని చేతుల్లో తొందర లేదు. గొట్టాన్ని నొక్కిపట్టే క్లాంపు తీసేటప్పుడు మొదట కంటితో, తర్వాత వేలితో, ఆ తర్వాతే చేత్తో దాని దగ్గరికి వెళ్ళేవాడు. గొట్టాల్లో చిక్కుకున్న గాలిబుడగల్ని తరమడానికి చిన్న సుత్తితో కొట్టే ఆ దెబ్బల్లో ఒక లయ ఉంది. మంచి వంటమనిషి గరిటెని గిన్నె అంచుకి కొట్టి దులిపినట్టు, అవసరమైనంతే చప్పుడు.

చూస్తూ చూస్తూ ఆమె సాక్ష్యం మారిపోయింది. ఏటా ఇన్ని కేసులన్న నిబంధన ఈ రాష్ట్రపు బిల్లులోనూ ఉంది. దాన్ని తీసెయ్యమని అడగాలనుకుంది. అంకెలు చేతుల్ని కొలవలేవు. భార్య పక్కన కూర్చున్న మనిషిని, పని మరిచిపోయినవాడితో ఒకే గాటన కట్టే నియమం న్యాయమెలా అవుతుంది? ఆ రోజు ఇంటికి వెళ్ళేటప్పుడు వంతెన ముందు ఎర్రదీపం దగ్గర ఆగి, ఆ ప్రశ్న పైకి అని చూసుకుంది. గట్టిగానే ఉంది. ఇక బుధవారం కేసులో వెండెల్ పనిచేయడం చూసి, గురువారం ఆ మాటే చెప్పాలి.

బుధవారం పొద్దున కేసు మిసెస్ డ్వోరాక్‌ది. గుండె కవాటం మార్చాలి. మొక్కజొన్న రైతు భార్య, మాటకారి. మంచం మీదే లేచి కూర్చుని థియాని ఆపింది.

"నా గుండె ఆపేస్తారటగా. అంతసేపూ నన్నెవరు చూసుకుంటారు?"

"ప్రూట్ గారు యంత్రం నడుపుతారు. నేను పక్కనే ఉంటాను."

"ఇద్దరా! మా ఆయన కోతయంత్రానికి కూడా ఒక్కడే." ఆవిడ వెండెల్‌ని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. "ఈయన బాగానే ఉన్నాడు. చొక్కాకి గుండీ కుట్టుకోమను."

ఆపరేషన్ థియేటర్లో వెండెల్ గొట్టాలు అమర్చాడు. థియా జాబితా పైకి చదివింది. ఒక్కొక్క అంశాన్నీ అతను చేత్తో తాకి, "సరే" అన్నాడు. ఈ పనిలో పద్ధతి అది. ఒకరు పలికినదాన్ని రెండోవారు తిరిగి పలకాలి. తిరిగి పలకనిది జరగనట్టే లెక్క. ఆక్సిజన్, సరే. అలారం, సరే. వెంట్ గొట్టం దిశ దగ్గరికి వచ్చారు. ఆగిన గుండె రక్తంతో ఉబ్బిపోకుండా లోపలి నుంచి పీల్చే సన్నని గొట్టం వెంట్. దాని కొస నేరుగా గుండె లోపలికి వెళుతుంది. వెండెల్ రోలరు మీద రెండు వేళ్ళు ఆన్చి "సరే" అన్నాడు.

థియా బొటనవేలు కదిలింది. ఆగింది.

అతని చేతులు అంత నిశ్చయంగా ఉన్నాయి. అతను అమర్చిన గొట్టం మీద తన వేలు పెట్టడమంటే, రెండేళ్ళ తర్వాత మొదటిసారి కూర్చున్న మనిషిని అందరి ముందూ అనుమానించడమనిపించింది. ఆమె తర్వాతి అంశం చదివింది.

ఛాతీ తెరిచారు. హెపారిన్ ఇచ్చామన్నారు. "హెపారిన్ ఇచ్చారు," అన్నాడు వెండెల్. రక్తం గడ్డకట్టడం లేదని పరీక్ష చెప్పింది. అదీ పైకి పలికారు, తిరిగి పలికారు. గుండెకు గొట్టాలు తగిలించారు. కోస్టిగన్ వెంట్ కొసని చేతిలోకి తీసుకున్నాడు.

"డాక్టర్, దాన్ని గిన్నెలో ముంచండి," అన్నాడు వెండెల్.

"ఏమిటి?"

"సెలైన్ గిన్నెలో. లోపల పెట్టేముందు పీలుస్తోందో లేదో చూద్దాం."

"అవతలి ఒడ్డు అలవాట్లా? ఇక్కడ మేమవి మానేశాం. థియా వేలు పెట్టి చూసుకుంటుంది. ఆ వేలు శాసనసభ కంటే నమ్మకమైంది." మాస్కుల వెనక ఒకరిద్దరు నవ్వారు.

"థియా వేలు ఈ గొట్టం మీద పడలేదు, డాక్టర్."

మాటలో నిష్ఠూరం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. థియాకు చెవులు వేడెక్కాయి. అతను చూశాడన్నమాట. కదిలిన వేలినీ, ఆగిన వేలినీ.

కోస్టిగన్ ఓపికకి గుర్తుగా ఒక నిట్టూర్పు వదిలి, కొసని ఉప్పునీటి గిన్నెలో ముంచాడు. వెండెల్ రోలరు తిప్పాడు. నీళ్ళు కదల్లేదు. తర్వాత ఒక బుడగ పైకొచ్చి పగిలింది. దాని వెనక మరొకటి. ఆ తర్వాత వరసగా, పిల్లలు గడ్డితో పాలగ్లాసులోకి ఊదినట్టు.

ఆ గాలి వెళ్ళబోయిన చోటు అందరి కళ్ళెదుటా కొట్టుకుంటోంది.

"నాది," అన్నాడు వెండెల్. "గొట్టం వెనక్కి పెట్టాను. రోలరు ఆపాను. గొట్టం తీస్తున్నాను. తిప్పి పెడుతున్నాను." అతని గొంతు జాబితా చదువుతున్నట్టే ఉంది. "ముంచండి."

కోస్టిగన్ ముంచాడు. ఈసారి నిట్టూర్చలేదు. గిన్నెలో నీటిమట్టం చప్పుడు లేకుండా దిగింది.

"పీలుస్తోంది," అన్నాడు కోస్టిగన్.

"పీలుస్తోంది," అన్నాడు వెండెల్. అప్పుడు స్టూలు మీంచి లేచాడు. "థియా, ఇది నువ్వు నడుపు. నేను పక్కన నిలబడి చదువుతాను."

ఆమె కూర్చుంది. స్టూలు ఇంకా వెచ్చగా ఉంది. కేసు మామూలుగా సాగింది. మిసెస్ డ్వోరాక్ గుండె మళ్ళీ మొదలవడానికి రెండోసారి అడిగించుకోలేదు. అంతసేపూ వెండెల్ ఆమె కుడిభుజం వెనక నిలబడి అంకెలు చదివాడు. ఒక్కసారి కూడా గొంతు తడబడలేదు.

తర్వాత, యంత్రం కడిగే గదిలో, అతను చేతికి తగిలిన గొట్టాన్ని చుట్టగా చుడుతూ అన్నాడు: "మా దగ్గర ఆ పంపు ఎడమవైపు ఉంటుంది. తిరగడం కూడా అటు. నా చేతులు ఇంకా నది దాటలేదు."

"తప్పు మీరే పట్టుకున్నారు."

"నేనెక్కడ? గిన్నె పట్టుకుంది."

"ముంచమన్నది మీరు."

"అన్నాను. ఎప్పుడూ అంటాను. నా మీద నమ్మకముండి కాదుగా అనేది." చుట్టని సంచిలో వేశాడు. "నిన్నటి దాకా ఆ పాత యంత్రం మీద బ్రహ్మాండంగా చేశాననుకున్నా. నువ్వూ అనుకున్నావ్, చూశా నీ మొహం."

"రేపు ఆ నిబంధన తీసెయ్యమని అడుగుదామనుకున్నాను," అంది థియా. "ఏటా ఇన్ని కేసులన్నది."

వెండెల్ కొంతసేపు పంపు మీద మరకనొకదాన్ని తుడిచాడు. అది ఎప్పుడో పోయింది, అయినా తుడిచాడు.

"తీసెయ్యకు. నా గురించి వాళ్ళు అన్నది నిజమే. నాకు ఒళ్ళు మండేది అందుకు కాదు. రెండేళ్ళు దూరంగా ఉన్నవాడు దూరమైనట్టే. సరే, ఒప్పుకుంటా. కానీ తిరిగి రావడానికి దారేది? గోడ కట్టినవాళ్ళు తలుపు పెట్టడం మర్చిపోయారు. నాకు కావలసింది తలుపు. దాని దగ్గర కాపలా ఉంటే ఉండనీ, ఇంకా మంచిది."

థియా ఆ రోజు దేన్నీ పైకి అని చూసుకోలేదు. వేలు ఎందుకు ఆగిందని మాత్రం తనను తాను అడిగింది. గౌరవం కొద్దీ, అని మొదటి జవాబు వచ్చింది. ఆమె దానితో తృప్తిపడలేదు. గౌరవమైతే అది మిసెస్ డ్వోరాక్‌కి చెందవలసింది. మంచిదానిగా కనబడాలన్న కోరిక, అన్నది రెండో జవాబు. ఇది నచ్చలేదు కనుక నిజమై ఉండవచ్చు. అతను తప్పు చేయడనుకుంది, తను తప్పు చేయననుకుంది. ఇద్దరినీ నమ్మనిది ఆ గదిలో ఒక్కటే ఉంది, పరిచారిక బల్ల మీద, ఉప్పునీళ్ళతో.

గురువారం సంఘం గది ఆమె అనుకున్నదాని కంటే చిన్నది. తొమ్మిదిమంది సభ్యులు, వాళ్ళ వెనక రాష్ట్రపతాకం, ఆగకుండా గర్రుమనే శీతలయంత్రం. అధ్యక్షుడు సెనేటర్ బ్రాంట్‌లీకి పందుల ఫారాలున్నాయి. లైసెన్సు అన్న మాట వింటేనే ఆయనకు పడదని అందరూ ముందే చెప్పారు. వెనక వరసలో వెండెల్ టై కట్టుకుని కూర్చున్నాడు. అతను వస్తానని ఆమెతో అనలేదు.

థియా మంగలి వాక్యంతో మొదలుపెట్టలేదు. నిన్నటి కేసుతో మొదలుపెట్టింది. పేర్లు చెప్పలేదు. గొట్టం ఎటు తిరిగిందో, గిన్నెలో ఏం కనబడిందో చెప్పింది.

"అర్థం కానివ్వండి," అన్నాడు బ్రాంట్‌లీ కళ్ళజోడు తీసి. "గొట్టం తప్పు పెట్టినాయన అవతలి ఒడ్డున లైసెన్సు పోయినవాడు. అవునా?"

"అవునండి."

"దాన్ని సరిచూడవలసిన మనిషి చూడలేదు. ఆ మనిషికి లైసెన్సుందా?"

"ఉంది. ఆ మనిషిని నేనే."

వెనక ఎవరో కుర్చీ జరిపారు. ఆసుపత్రుల సంఘం ప్రతినిధి కలం కింద పెట్టాడు.

బ్రాంట్‌లీ కుర్చీలో వెనక్కి వాలాడు. చేప గాలానికి తగిలిందని తెలిసిన మనిషిలా తొందరపడలేదు. "చూడమ్మా, అయితే లైసెన్సు ఆ రోగికి చేసిన మేలేమిటి? ఒకరికి లేదు, ఒకరికి ఉంది, ఇద్దరూ తప్పే చేశారు. మీరే నా పని సులువు చేస్తున్నారు."

"లైసెన్సుంటే తప్పులు జరగవని నేను చెప్పలేను, సెనేటర్. నిన్న పొద్దున దాకా చెప్పేదాన్నే." ఆమె తన బొటనవేలు బల్ల అంచు మీద ఆనడం గమనించింది. "ఆ గిన్నె ఎవరికీ పని నేర్పదు. ఎవరి పేరూ అడగదు, ఎవరి మంచితనాన్నీ లెక్కపెట్టదు. లోపలికి వెళ్ళేముందు ఒక్కసారి ముంచి చూపించమంటుంది. చట్టం కూడా అంతే అడగాలి. ఆయన్నీ అడగాలి, నన్నూ అడగాలి. నన్ను మరీ అడగాలి. నన్ను అందరూ నమ్ముతున్నారు కనుక."

"మరి ఆ పెద్దమనిషి సంగతి? మీ బిల్లు ఆయన్ని బయటికి గెంటేస్తుందిగా."

"ఇప్పుడున్న రూపంలో గెంటేస్తుంది. మార్చమని అడగడానికి వచ్చాను. కేసుల సంఖ్య ఉండాలి. తప్పినవాళ్ళు లైసెన్సు ఉన్నవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళ చూపు కింద కేసులు చేసి, పరీక్ష రాసి, తిరిగి రావడానికి తలుపు కూడా ఉండాలి. బిల్లులో అది లేదు."

బ్రాంట్‌లీ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "మా అమ్మకి ఎనభై దాటింది. ఆవిడ గుండెకి అదే ఆపరేషను చెయ్యాలంటున్నారు. ఆయన్ని కూర్చోబెడతారా?"

థియా వెనక్కి తిరిగి చూడలేదు.

"ఈ వేళ, ఒక్కరినే అయితే కూర్చోబెట్టను. నేను పక్కనుండి, నా వేలు ఆయన పెట్టిన గొట్టం మీద ఉంటే కూర్చోబెడతాను. పరీక్ష పాసయ్యాక నేను కూర్చున్నప్పుడు, ఆయన వేలు నా గొట్టం మీద ఉండమంటాను."

సెనేటర్ గుమాస్తా వైపు చెయ్యి ఊపాడు. "ఆ తలుపు సంగతేదో ఒక వాక్యంగా రాసిమ్మను. పొడుగు ఉండకూడదు. నాకు ఇప్పటికీ ఈ బిల్లు ఇష్టం లేదని కూడా రాసుకో." నవ్వులు వినిపించాయి. సవరణను ఓటుకు పెట్టారు. చేతులు లేచాయి, అన్నిటికంటే ఆఖర్న, కావాలని ఆలస్యంగా, ఆయన చెయ్యి.

నడవలో వెండెల్ టై ముడి వదులు చేసుకుంటూ కనబడ్డాడు.

"ఒక్కరినే అయితే కూర్చోబెట్టనన్నావ్. అంతమంది ముందు."

"అన్నాను."

"ఊఁ." టై తీసి జేబులో కుక్కాడు. "గుండీ కుట్టుకున్నా, చూడు. ఆవిడ చెప్పిందని."

శుక్రవారం పొద్దున థియేటర్లో అతను స్టూలు మీద కూర్చున్నాడు. థియా జాబితా చదివింది. వెంట్ గొట్టం దగ్గరికి వచ్చేసరికి, ఆమె అడగక ముందే, వెండెల్ ఇటువైపు కొసని ఆమెకు అందించాడు. ఆమె బొటనవేలు అడ్డుపెట్టింది. గాలి మెత్తగా తగిలింది. "సరే," అంది. అతను తన వేలు కూడా పెట్టి చూసి, "సరే," అన్నాడు.

గుండె దగ్గర అన్నీ తగిలించాక కోస్టిగన్ వెంట్ కొసని పట్టుకుని తలెత్తాడు. ఇద్దరినీ చూశాడు. ఈసారి ముంచమని ఎవరూ అనలేదు.

"గిన్నె ఎక్కడ?" అన్నాడు.

పరిచారిక అందించింది. అతను వంగి, పని నేర్చుకునే రోజుల్లో చేసినంత శ్రద్ధగా, కొసని నీటిలో ముంచి ఆగాడు.

"పీలుస్తోంది."

"పీలుస్తోంది," అన్నాడు వెండెల్.

"పీలుస్తోంది," అంది థియా.